గణకయంత్రపు ధారణ
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు కార్యవర్గమువారి మనస్సులో భారతమో, మనుచరిత్రమో ఉండియుండును. ఈ బీరువాలలోని కావ్యములను గురుముఖమున గాక, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని నాకు నేనుగా చదువుకొన్నవాడనని మీరందరు ఎరుగుదురు. కాని పగటివేళ నా పని లెక్కలు. కరణముల పదవులు 1984లో రద్దయిన తరువాతను మా యింట మిగిలినది చిట్టా, ఆవర్జాల వాసనయే. నా రెండు ప్రపంచములును కలిసికొను విషయము నొకదానిని వెదకితిని. అది మన గ్రంథాలయపు బల్లమీదనే దొరకినది. దారముతో కట్టి యుంచిన ఆ చిన్న కాలిక్యులేటరును గూర్చియే నేను మాటలాడబోవుచున్నాను.

నవ్వుచున్నారు. సంతోషమే. కాని ఒక్క ప్రశ్న అడిగెదను. ఈ యంత్రము లేని ఇల్లు మన ఊరిలో ఎన్ని కలవు? కిరాణా కొట్టున ఉన్నది, ధాన్యపు కాటా దగ్గర ఉన్నది, పొదుపు సంఘములవారి సంచిలో ఉన్నది, బడిపిల్లల పెట్టెలో ఉన్నది, సెల్ ఫోనులో సైతము దాగి యున్నది. అందులో మనము నొక్కు మీట లెన్ని? కూడుట, తీసివేయుట, హెచ్చించుట, భాగించుట — ఈ నాలుగే. తక్కినవి అలంకారమునకై ఉన్నవని చాలమంది తలంపు. ముఖ్యముగా రెండు జాతుల మీటలను చూచి మనవారు జంకెదరు. ఒకటి ‘ఎం’ అను అక్షరముతో ఆరంభమగు మీటల కుటుంబము. రెండవది పెద్ద కాలిక్యులేటర్లలో నుండు ఇ.ఎక్స్.పి. అను మీట. మొదటిది యంత్రపు ధారణ; రెండవది దాని సంఖ్యా సంకేతము. ఈ రెండింటిని తెలియని వాడు లెక్కలో మోసపోవుటకు ఇంకొకడు మోసగాడు కానక్కరలేదు. యంత్రము తనలో ఏమి దాచుకొన్నదో, తననుండి ఏమి జారవిడిచినదో, అది నోరు విప్పి చెప్పదు. చిన్న గుర్తు మాత్రము చూపును. ఆ గుర్తును చదువుటయే నేటి విషయము.

ముందు ధారణ సంగతి. అష్టావధానము చూచినవారు ఈ సభలో కలరు. పృచ్ఛకు లెనమండుగురు అడ్డు తగులుచున్నను, అవధాని ఎవరి పద్యమును వారికి నిలిపి, చివర వరుసగా అప్పగించును. అది అనేక గదులు గల మేడ వంటి ధారణ. మన కొట్టులోని సాధారణ యంత్రపు ధారణ ఒంటిగది గుడిసె. అందులో ఒక్క సంఖ్య మాత్రమే పట్టును. కాని ఆ గదికి ఒక సుగుణ మున్నది. క్రొత్తగా వచ్చిన సంఖ్య పాతదానిని వెడలగొట్టదు, దానితో కలిసిపోవును. ‘ఎం+’ నొక్కిన కలియును; ‘ఎం−’ నొక్కిన తగ్గును.

మన అందరికిని తెలిసిన ఉదాహరణము చెప్పెదను. 2024-25 పంటకాలమునకు కేంద్ర ప్రభుత్వము సాధారణ రకపు వడ్లకు క్వింటాలుకు 2,300 రూపాయలు, ‘ఏ’ గ్రేడు వడ్లకు 2,320 రూపాయలు మద్దతు ధరగా నిర్ణయించినది. ఒక రైతు 46 బస్తాలు సాధారణ రకము, 18 బస్తాలు ‘ఏ’ గ్రేడు తోలినాడనుకొనుడు. బస్తా 75 కిలోలు. కూలీ బస్తాకు 20 రూపాయలు, బండి కిరాయి 2,500 రూపాయలు పోవలెననుకొనుడు. మనవారు చేయు పద్ధతి ఏది? మొదటి రకము లెక్క కట్టి అగ్గిపెట్టెమీద వ్రాయుదురు. రెండవది అరచేతిపై వ్రాయుదురు. ఖర్చులను నోట అనుకొందురు. పిదప అన్నింటిని మరల యంత్రములో ఎక్కింతురు. ఎక్కించునప్పుడు ఒక అంకె జారును.

ధారణ తెలిసినవా డిట్లు చేయును. 46 × 75 ÷ 100 × 2300 నొక్కి, సమానపు మీటకు బదులు ‘ఎం+’ నొక్కును. తెరపై 79,350 వచ్చును. మూలను చిన్న ‘ఎం’ వెలుగును. 18 × 75 ÷ 100 × 2320, ‘ఎం+’: 31,320. ఇక ఖర్చులు. 64 × 20, ‘ఎం−’: 1,280. తరువాత 2500, ‘ఎం−’. ఇప్పుడు ధారణలోనిది తెమ్మని ‘ఎంఆర్’ నొక్కిన 1,06,890 రూపాయలు తెరపై నిలుచును. నడుమ ఏదియు తిరిగి ఎక్కింపలేదు. జారుటకు అంకె లేదు.

ఇంత సులభమైనదానిని మనవారు ఏల వాడరు? భయమువలన. ఆ భయము పూర్తిగా నిష్కారణమును గాదు. ఒక ధాన్యపు కొట్టున కొన్నేండ్ల క్రిందట జరిగినది వినుడు, పేరు లనవసరము. అచ్చటి గుమాస్తాకు ధారణ మీటలు బాగుగా వచ్చును. ఒక రైతు లెక్క ముగించి, గదిని తుడిచి, తరువాత మరచిన ఖర్చు ఒకటి గుర్తునకు వచ్చి, 2,450 రూపాయలను ‘ఎం−’ తో వేసినాడు. దానిని చిట్టాలో విడిగా వ్రాసికొన్నాడు. గదిని మాత్రము తుడువలేదు. ఆ వెనుక వచ్చిన రైతు లెక్కలో 2,450 రూపాయలు తగ్గినవి. లక్ష పైచిలుకు మొత్తములో రెండువేల నాలుగువందలు ఎవరి కంటికి కనబడును? “యంత్రమే చెప్పినది గదా” అని అతడును తీసికొని ఇంటికి పోయినాడు. తొమ్మిదవ తరగతి చదువుచున్న అతని కుమార్తె ఆ రాత్రి పలకపై కూడి, చీటిలో తేడా చూపినది. మరునాడు సొమ్ము చేతికి వచ్చినది. గుమాస్తా మోసగాడు కాడు. క్రొత్త లెక్క ఆరంభించునప్పుడే తెర మూలను ‘ఎం’ అను చిన్న అక్షరము వెలుగుచుండెను. అతడును చూడలేదు, ఎదుట కూర్చున్న రైతుకు దాని అర్థము తెలియదు.

కావున మీ లెక్కను ఇంకొకరు కట్టుచున్నప్పుడు, తొలి అంకె నొక్కకముందే తెరవంక చూడుడు. ‘ఎం’ వెలుగుచున్నచో, “అయ్యా, ముందు దానిని తుడువుడు” అని అడుగుడు. అడుగుట అవమానము కాదు. కాటా ముల్లు సున్నవద్ద నున్నదా లేదా అని మన తాతలు అడుగలేదా? ఇదియు నట్టిదే.

తుడుచుట యెట్లు? విడిగా ‘ఎంసి’ మీట యున్న యంత్రములలో దానిని నొక్కవలెను. కొన్నింటిలో ‘ఎంఆర్‌సి’ అని ఒకే మీట ఉండును. దానిని ఒకసారి నొక్కిన దాచినది చూపును. వెంటనే రెండవసారి నొక్కిన తుడిచివేయును. తొందరపాటు వ్రేళ్లవారు ఇక్కడ జాగ్రత్త పడవలెను. చూతమని రెండుసార్లు నొక్కి, కూడినదంతయు పోగొట్టుకొన్నవారిని ఎరుగుదును. ‘ఏసి’ నొక్కితిమి గదా, అన్నియు పోయినవని తలచుట మరియొక భ్రమ. చాల యంత్రములలో ‘ఏసి’ తెరను తుడుచునేగాని ధారణను తాకదు. బడిపిల్లలు వాడు కాసియో వంటి సైంటిఫిక్ యంత్రములలోనైతే విద్యుత్తు ఆపి మరల తెరచినను ధారణలోనిది అట్లే యుండును. అందు ధారణను ఖాళీచేయుటకు సున్నను దాచవలెను: 0, ఎస్.టి.ఓ., ఎం. శూన్యమును నింపి ఖాళీచేయుట! ఇది వేదాంతులకు నచ్చు మాట.

లెక్కలవాడుగా ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ధారణ మీటలు వచ్చినవి గదా, ఇక కాగిత మేల అనువారు కొందరు కలరు. వారితో నేను ఏకీభవింపను. ఆ గది ఆవర్జాలోని నిలువవంటిది, చిట్టా కాదు. మొత్తమెంతయో చెప్పునుగాని ఎచ్చటినుండి వచ్చినదో చెప్పదు. 1,06,890 లో కూలీ పోయినదా, బండి కిరాయి రెండుసార్లు పోయినదా అని అడిగిన యంత్రము మౌనముద్ర వహించును. ప్రతి ‘ఎం+’ వద్దను, ప్రతి ‘ఎం−’ వద్దను తెరపై కనబడు సంఖ్యను వరుసగా కాగితముపై వ్రాయుడు. అవధానికి సైతము ప్రక్కన ఒక వ్రాయసకాడు కూర్చుండును గదా.

ఇక రెండవ భాగము. సాధారణ యంత్రములలో పండ్రెండు అంకెలు పట్టునవి పెద్దవి. పండ్రెండు తొమ్మిదులు వ్రాసినచో 99,999 కోట్ల 99 లక్షల 99 వేల 999 అగును. దానికి ఒకటి కలిపిన లక్ష కోట్లు. అది పదమూడు అంకెల సంఖ్య గనుక యంత్రము చేతులెత్తి, తెర మూలను ఇంగ్లీషు ‘ఈ’ అక్షరము చూపును. అనగా పొరపాటు అని అర్థము. అప్పుడు తెరపై మిగిలిన అంకెలను నమ్మరాదు. “లక్ష కోట్లతో మాకేమి పని?” అందురేమో. మనకు పని లేదా? పత్రిక తెరచిన ప్రతిదినము టి.ఎం.సి.ల ముచ్చటయే గదా! టి.ఎం.సి. అనగా వేయి మిలియన్ల ఘనపుటడుగులు, మన లెక్కలో నూరు కోట్ల ఘనపుటడుగులు. రచ్చబండమీద ఈ మాట అనని వాడు లేడు. అదెంత నీరో తెలిసినవాడు అరుదు. అట్టి తెలియనితనముతోనే రెండు రాష్ట్రముల వాదములును వినుచున్నాము. లెక్క కట్టుద మిపుడు.

ఇట్టి పెద్ద సంఖ్యలకై సైంటిఫిక్ యంత్రమున ఇ.ఎక్స్.పి. మీట కలదు. క్రొత్తవానిలో దానిపై ‘×10’ అనియు, దాని భుజముమీద చిన్న ఘాతపు గుర్తును ఉండును. ఆ మీట అర్థము “ఇంటూ పదికి ఇన్నవ ఘాతము” అని. ఒక టి.ఎం.సి. కావలెనన్న: 1, ఇ.ఎక్స్.పి., 9. అంతియే, తొమ్మిది సున్నలు చుట్టనక్కరలేదు. ఇచ్చట పిల్లలు చేయు ప్రమాద మొకటి కలదు. నోటితో “పదికి తొమ్మిదవ ఘాతము” అనుచు, వ్రేలితో 10, ఇ.ఎక్స్.పి., 9 నొక్కెదరు. ఆ మీటలోనే పది ఇమిడి యున్నది గనుక, అది పది ఇంటూ పదికి తొమ్మిదవ ఘాత మగును. జవాబు పదిరెట్లు పెరుగును. పరీక్షలో పోయినచో మార్కులే పోవును, కాలువలో పోయినచో నీరు పోవును.

ఎకరము 43,560 చదరపుటడుగులు. ఈ సంఖ్యతో పలుమార్లు పని యున్నది గనుక దీనిని ధారణలో నుంతము: 43560, ఎస్.టి.ఓ., ఎం. కొన్నింటిలో ముందుగా షిఫ్ట్ మీట నొక్కవలెను. ఇప్పుడు 1, ఇ.ఎక్స్.పి., 9, భాగహారము, ఆర్.సి.ఎల్., ఎం, సమానము. తెరపై 22,956.84 వచ్చును. అనగా ఒక్క టి.ఎం.సి. నీరు సుమారు 22,957 ఎకరములను అడుగు లోతున ముంచును. ఒక సంఖ్యను దాచినాము; ఇక ఎన్ని ప్రశ్నలైన వేయవచ్చును.

నాగార్జున సాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ గారు శంకుస్థాపన చేసిరి. ఆ జలాశయము 590 అడుగుల మట్టమున 408 టి.ఎం.సి.లు పట్టునట్లు లెక్కింపబడినది. 408, ఇ.ఎక్స్.పి., 9, సమానము నొక్కుడు. తెరపై 4.08, దాని వెనుక చిన్నదిగా ‘×10’, పైన 11 కనబడును. యంత్రము మనము చెప్పినదానిని సవరించినది. బిందువును మొదటి అంకె తరువాత పెట్టుట దాని ఆచారము. దీనిని ధారణలోని 43,560 తో భాగింపగా 93,66,391 అడుగు-ఎకరములు వచ్చును. తరువాతి కొలతలలో అదే మట్టమున నిలువ సుమారు 312 టి.ఎం.సి.లే అని తేలినది. 312 పెట్టి అదే చేయగా 71,62,534. ఈ రెండింటికి నడుమ తేడా 22 లక్షల అడుగు-ఎకరములకు పైగా. 96 టి.ఎం.సి.లు అను మాట చెవిలో పడి పోవును. ఇరువది రెండు లక్షల ఎకరములపై అడుగు లోతు నీరు అన్నచో గుండెలో పడును. కృష్ణా జలములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు బచావత్ ట్రిబ్యునలు కేటాయించిన 811 టి.ఎం.సి.లను కూడ ఇట్లే భాగించిన ఒక కోటి 86 లక్షల 17 వేల 998 వచ్చును. ధారణలోని సంఖ్య ఇంకను అచ్చటనే యున్నది. ఒక్కమారును తిరిగి ఎక్కింపలేదు.

త్రాగు నీటికి రండు. ఘనపుటడుగునకు 28.316846592 లీటర్లు గనుక టి.ఎం.సి.కి 2,831 కోట్ల 68 లక్షల 46 వేల 592 లీటర్లు. 2019లో ఆరంభమైన జల జీవన్ పథకమున మనిషికి దినమునకు 55 లీటర్లు అని ప్రమాణము. నాలుగువేల జనాభా గల గ్రామమునకు సంవత్సరమునకు 55 × 4000 × 365, అనగా ఎనిమిది కోట్ల మూడు లక్షల లీటర్లు చాలును. దీనితో టి.ఎం.సి.ని భాగించిన 352 పైచిలుకు వచ్చును. ఒక్క టి.ఎం.సి. అట్టి గ్రామమునకు మూడువందల ఏబది రెండేండ్ల త్రాగునీరు! ఆవిరి, ఊట, పైపుల లీకు నేను లెక్కింపలేదు. కాని ఈ సంఖ్య తెలిసిన పిమ్మట పత్రికలో “రెండు టి.ఎం.సి.ల వివాదము” అని చదివినప్పుడు పుట త్రిప్పివేయలేరు.

ఘాతమును చదువుటకు ఒక చిన్న కిటుకు. పైన నున్న సంఖ్యకు ఒకటి కలిపిన, ఆ పూర్ణసంఖ్యకు ఎన్ని అంకెలో తెలియును. 10⁹ కు పది అంకెలు, 4.08×10¹¹ కు పండ్రెండు. మన పూర్వులు ఘాతమును అంకెతో గాక పేరుతో చెప్పిరి. రామాయణము యుద్ధకాండమున శుకుడు రావణునకు వానరసేనను లెక్కించి చెప్పు ఘట్టము చదివినారా? నూరు లక్షలు కోటి. లక్ష కోట్లు శంకువు. లక్ష శంకువులు మహాశంకువు. ఇట్లు మహౌఘము వరకు ఎక్కుచు పోవును. కోటి 10⁷, శంకువు 10¹², మహాశంకువు 10¹⁷. మెట్టు మెట్టునకు ఘాతమున ఐదు కలియుచున్నది. కవి హెచ్చింపగా ఘాతము కూడికయైనది చూడుడు! ఇందాకటి పండ్రెండంకెల యంత్రమున వాల్మీకి శంకువు ఒక్కటియు పట్టదు.

తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసార సంగ్రహమున ఏకము మొదలుకొని మహాక్షోభము వరకు ఇరువది నాలుగు స్థానములకు పేర్లు పెట్టెను. దానినే పావులూరి మల్లన పదునొకండవ శతాబ్దమున తెనిగించెను. తెలుగువారి తొలి గణిత గ్రంథము పద్యములలో నున్నదనుట నాకు ఎప్పటికిని గర్వకారణము. ఇరువది నాలుగవ స్థానమగు మహాక్షోభము 10²³. రసాయన శాస్త్రము చదువు పిల్లలు అవగాడ్రో సంఖ్య యని 6.022×10²³ వల్లించుచుందురు గదా, అది ఆరు మహాక్షోభములకు కొంచె మెక్కువ. పేరు మన బీరువాలో నున్నది. సంఖ్య వారి పుస్తకములో నున్నది.

ఇప్పుడు జారవిడుచుట అను ముచ్చట. చదరంగపు గడులలో మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు అరువది నాలుగు గడులకు రెట్టించుచు పోవు కథ ప్రసిద్ధము. మొత్తము గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెలు! మన పెద్దలు దీనిని భూతసంఖ్యలతో ఒక పద్యమున బంధించిరి. శరము లనగా ఐదు, చంద్రుడనగా ఒకటి, వేదములు నాలుగు, గిరులు ఏడు, గగనము సున్న. అంకెలు కుడినుండి ఎడమకు నడచును. ఆ పద్యము నోటికి వచ్చిన ముసలివారు చదువురానివారైనను ఇరువది అంకెలలో ఒక్కటియు పోనీయరు.

యంత్రము నడుగుదము. రెండునకు అరువది నాలుగవ ఘాతము కట్టి, ఒకటి తీసివేయుమనుడు. తెరపై 1.844674407×10¹⁹ వచ్చును. ఒకటి తీసివేయకున్నను అదియే వచ్చును! మొదటి పది అంకెలు చూపినది, ఎన్ని అంకెల సంఖ్యయో చెప్పినది; చివరి పది అంకెలను జారవిడిచినది. ఆ జారినది ఎంత? 370 కోట్ల 95 లక్షల 51 వేల 615 గింజలు. వేయి వడ్లగింజలు 20 గ్రాములు తూగునను లెక్కన అవి 74 వేల కిలోలకు పైమాట, మన బస్తాలలో సుమారు 990. తొమ్మిదివందల తొంబది బస్తాలు కంటికి కనబడకుండ పోయినవి, యంత్రము ‘ఈ’ అని కూడ అనలేదు. ఏల యనగా దాని దృష్టిలో అది పొరపాటు కాదు. అంత పెద్ద రాశిలో ఆ భాగము లెక్కకు రానిది.

ఇంకొక పరీక్ష. 1, ఇ.ఎక్స్.పి., 19, కూడిక, 1, తీసివేత, 1, ఇ.ఎక్స్.పి., 19, సమానము. ఒకటి రావలెను, సున్న వచ్చును. అదే లెక్కను వరుస మార్చి, పెద్దదానిలో పెద్దదానిని ముందు తీసివేసి, పిమ్మట ఒకటి కలిపినచో ఒకటి వచ్చును. పెద్దవారి నడుమ నిలిచిన రూపాయి మాయమగుచున్నది. వారు తొలగిన పిమ్మట వచ్చిన రూపాయి నిలుచుచున్నది. కావున జలాశయమునకు, నక్షత్రముల దూరమునకు, అణువుల లెక్కకు ఈ సంకేతము తగినది. నయాపైస తేడాకు రాత్రి మేలుకొను నా వంటివాని ఆవర్జాకు తగదు.

చిన్న సంఖ్యలకును ఇదే సంకేతము వచ్చును. అచ్చట ప్రమాద మెక్కువ. నూటికి ఏడు వార్షిక వడ్డీ యున్న అప్పుపై రూపాయికి దినమునకు ఎంత పడునో చూతము: 0.07 ÷ 365. సైంటిఫిక్ యంత్రము 1.917808219×10⁻⁴ అని చూపును. తొందరలో 1.91 మాత్రము చదివి “రూపాయికి రోజుకు రూపాయి తొంబది పైసలా!” అని బెదరినవారున్నారు. పైనున్న మైనస్ నాలుగు అనగా బిందువును నాలుగు స్థానములు ఎడమకు జరుపుమని, 0.0001917 మాత్రమే. లక్ష రూపాయలకు దినమునకు 19 రూపాయల 18 పైసలు. రెండువందల దినములకు 3,835 రూపాయల 62 పైసలు. కొన్ని యంత్రములు 1 ÷ 200 కే 5×10⁻³ అని చూపి గాభరా పెట్టును. ఫిక్స్, సై, నార్మ్ అను మూడు మాటలు కనబడువరకు మోడ్ మీట నొక్కి, నార్మ్ ఎన్నుకొని, అందు 2 నొక్కినచో అవి 0.005 అని తిన్నగా చెప్పును. క్రొత్తరకములలో ఇది షిఫ్ట్, మోడ్ నొక్కినచో వచ్చు పట్టికలో నుండును.

ధారణయు, ఘాతాంకమును జంటగా గల పాత చేతి యంత్ర మొకదానిని చెప్పెదను. 1972లో అమెరికాలో హ్యూలెట్ పేకార్డ్ సంస్థవారు హెచ్‌పి-35 అను జేబు యంత్రమును 395 డాలర్లకు విడుదల చేసిరి. ముప్పదియైదు మీటలుండుటచేత దాని కా పేరు. అందు ఒక సంఖ్యను దాచు గది యుండెను. 10⁹⁹ వరకు పోవు ఘాతమును ఉండెను. నేడు మన పిల్లల చేతిలోనిది దాని మనుమడు.

ప్రసంగము ముగిసిన పిదప పొదుపు సంఘమునకు చెందిన ఒక సోదరి అడిగిన ప్రశ్నను, సంపాదకుల కోరికపై ఇచ్చట చేర్చుచున్నాను. “లెక్కల బాబుగారూ, మా సమావేశములో ఒక్కొక్క సభ్యురాలు పొదుపు ఒకటి, అప్పు కిస్తు ఒకటి ఒకేసారి ఇచ్చును. గది ఒక్కటే అంటిరి. రెండు మొత్తములు ఎట్లు ఉంచుకొందుము?” అని ఆమె అడిగినది. నాకు ఆ సాయంకాలము వచ్చిన ప్రశ్నలలో ఇదియే మేలైనది.

సాధారణ యంత్రమైనచో, అమ్మా, డబ్బు పుచ్చుకొనునప్పుడు యంత్రమును ముట్టవద్దు. రెండు వరుసలుగా పుస్తకములో వ్రాసికొని, పిమ్మట పొదుపు వరుస నంతయు ‘ఎం+’ తో కూడి, వ్రాసి, గది తుడిచి, కిస్తుల వరుసను కూడుడు. చివర రెండు మొత్తములును కలిపి పెట్టెలోని నగదుతో సరిచూడుడు. సైంటిఫిక్ యంత్రమున ‘ఏ’, ‘బి’, ‘సి’ మొదలగు మరికొన్ని గదులు కలవు. కాని అవి ‘ఎం’ వలె తమంతట కూడుకొనవు. కావున పొదుపును ‘ఎం+’ తో వేయుచు, కిస్తుకు ‘ఏ’ గదిని ముందుగా సున్నచేసి, ప్రతిసారియు ఆల్ఫా, ఏ, కూడిక, కిస్తు మొత్తము, ఎస్.టి.ఓ., ఏ అని నొక్కవలెను. పదిమంది తలకు 200 చొప్పున ఇచ్చినచో ‘ఎం’ గదిలో 2,000 ఉండవలెను. లేనిచో ఎవరిదో ఒకరిది రెండుసార్లు పడియుండును, లేదా పడకయుండును. పుస్తకములోని వరుస చూచిన తెలిసిపోవును. ఈ నొక్కుళ్ల క్రమము నంతయు పెద్ద అక్షరములతో వ్రాసి మన గ్రంథాలయపు బల్లదగ్గర గోడకు అంటించితిని. యంత్రము దారము కూడ కొంచెము పొడవు చేయించితిని.